పనిలో వాటా, పేరులో వాటా: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

పరిచయం



గర్భిణీ స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఇచ్చే ఐరన్ మాత్రలు మీరు చూసే ఉంటారు. ఆ మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ కూడా ఉంటుంది. బోదకాలు వ్యాధి ఉన్న జిల్లాలలో ఇంటింటికీ తిరిగి పంచే మాత్రలను కూడా మీరు మింగి ఉండవచ్చు. ఈ రెండు మందుల వెనుక ఒక తెలుగువాని కృషి ఉంది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు కనుగొన్న మందుల గురించి మీరు ఇంతకుముందు చదివి ఉండవచ్చు. ఈ పాఠంలో ఆయన జీవితాన్ని మరొక వైపు నుండి చూద్దాం. ఒక పనిని పదిమంది కలిసి చేసినప్పుడు ఆ పని మీద ఎవరి పేరు ఉండాలి? ఎవరి పేరు ముందు ఉండాలి? తనకు రావలసిన పేరును ఒకరు వదులుకుంటే అది మంచిదేనా? ఈ ప్రశ్నలకు సుబ్బారావు జీవితం కొన్ని జవాబులు చెబుతుంది.

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
– సుబ్బారావు జీవితంలోని ముఖ్య ఘట్టాలను వివరించగలుగుతారు.
– పరిశోధన పత్రం అంటే ఏమిటో, సహరచయిత అంటే ఎవరో చెప్పగలుగుతారు.
– పత్రం మీద పేరు ఉండడానికి ఏ అర్హతలు కావాలో గుర్తించగలుగుతారు.
– మీరు చేసే పనికి ఈ విషయాలను అన్వయించుకోగలుగుతారు.

1. బాల్యం, విద్య

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగవవాడు. తండ్రి అనారోగ్యం వల్ల ఉద్యోగం మధ్యలోనే మానుకోవలసి వచ్చింది. ఇంటి బరువంతా తల్లి మీద పడింది. కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని సుబ్బారావు చిన్నతనంలో ఇల్లు విడిచి బయలుదేరాడని, తల్లి వెనక్కి రప్పించి మళ్లీ బడికి పంపిందని చెబుతారు. మెట్రిక్యులేషన్ పరీక్ష ఆయన మూడవసారి రాసినప్పుడు గాని గట్టెక్కలేదు.

మీలో కొందరు పరీక్ష తప్పి చదువు ఆపేసి, మళ్లీ ఈ పుస్తకం పట్టుకొని ఉంటారు. ప్రపంచం మెచ్చిన ఈ శాస్త్రవేత్త కూడా పరీక్ష తప్పినవాడే అని గుర్తుంచుకోండి.

మద్రాసులో ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన తరువాత సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919లో శేషగిరితో ఆయన వివాహం జరిగింది. అవి స్వాతంత్ర్యోద్యమం రోజులు. గాంధీజీ పిలుపు విని ఆయన శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో వెళ్లారు. అది ఆంగ్లేయుడైన ఆచార్యునికి నచ్చలేదు. ఫలితంగా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు. అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు. చేసిన చదువు ఒకటి, చేతికి వచ్చిన పట్టా మరొకటి. కృషికి తగిన గుర్తింపు దక్కకపోవడం అంటే ఏమిటో ఆయనకు ఆ వయసులోనే తెలిసింది.

తరువాత కొంతకాలం మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో ఆయన పాఠాలు చెప్పారు. స్ప్రూ అనే పేగుల వ్యాధి ఆయన సోదరులను బలి తీసుకుంది. ఆ వ్యాధికి మందు కనిపెట్టాలనే కోరిక ఆయనలో బలపడింది. మామగారి సహాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన ఆర్థిక సహాయంతో ఆయన 1920ల తొలి సంవత్సరాలలో అమెరికా వెళ్లారు. మళ్లీ స్వదేశానికి తిరిగి రాలేదు.

పాఠగత ప్రశ్నలు – 1
అ) సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా ఎందుకు రాలేదు?
ఆ) ఆయన అమెరికా ప్రయాణానికి ఎవరెవరు సహాయం చేశారు?

2. నీలిరంగు చెప్పిన లెక్క

బోస్టన్ నగరంలో సుబ్బారావు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యం చదివారు. చేతిలో డబ్బు లేదు. ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని చేసి పొట్ట పోసుకున్నారు. ఆ తరువాత హార్వర్డ్‌లోనే సైరస్ ఫిస్కే అనే జీవరసాయన శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో చేరారు.

అక్కడ ఆయన చేపట్టిన పని రక్తంలోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉందో కొలవడం. భాస్వరం కంటికి కనబడదు. దానిని మాలిబ్డినం అనే లోహపు లవణంతో కలిపి, మరొక రసాయనం చేరిస్తే ద్రావణం నీలిరంగుకు మారుతుంది. భాస్వరం ఎక్కువ ఉంటే నీలం చిక్కగా, తక్కువ ఉంటే పలచగా ఉంటుంది. రంగు చిక్కదనాన్ని బట్టి భాస్వరం లెక్క తేలుతుంది. ఈ సూత్రాన్ని 1920లోనే బెల్, డాయిజీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఉపయోగించారు. అయితే వారి పద్ధతిలో రంగు నిలకడగా ఉండేది కాదు. ఫిస్కే, సుబ్బారావు ఇంకొక రసాయనాన్ని ఎన్నుకొని, రంగు త్వరగా వచ్చేలా, నిలకడగా ఉండేలా చేశారు. 1925లో ఈ పద్ధతిని ఒక పరిశోధన పత్రంగా ప్రచురించారు. ఫిస్కే పేరు ముందు, సుబ్బారావు పేరు తరువాత అచ్చయ్యాయి. నాటి నుండి దానికి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరు స్థిరపడింది. ప్రపంచంలో ఇతర శాస్త్రజ్ఞులు అత్యధికంగా పేర్కొన్న పత్రాలలో ఇది ఒకటి.

నీలిరంగు లెక్క ఆసుపత్రులకే పరిమితం కాదు. జార్ఖండ్ రాష్ట్రంలోని జంషెడ్‌పూర్ నగరం సంగతి చూడండి. అక్కడ 1912లో ఉక్కు తయారీ మొదలైంది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడికి వెళ్లి స్థిరపడ్డాయి. ఈ పాఠం చదువుతున్న మీలో కొందరు ఆ కుటుంబాలవారే కావచ్చు. ఉక్కులో భాస్వరం మోతాదు మించితే అది పెళుసెక్కుతుంది, చలికి పగులుతుంది. కాబట్టి ఉక్కు నమూనాలలో భాస్వరాన్ని కొలవడం తప్పనిసరి. అలా కొలిచే పద్ధతులలో ఒకటి ఈ మాలిబ్డినం నీలిరంగు మీద ఆధారపడినదే. వాడే రసాయనాలు వేరు కావచ్చు, మూలసూత్రం ఒకటే.

3. పత్రం మీద పేరు అంటే ఏమిటి?

ఇక్కడ కాసేపు ఆగి ఒక విషయం తెలుసుకుందాం. శాస్త్రజ్ఞులు తాము కనుగొన్న విషయాన్ని, కనుగొన్న విధానాన్ని, దానికి ఆధారాలను వివరంగా రాసి పత్రికలో ప్రచురిస్తారు. దానినే పరిశోధన పత్రం అంటారు. ఒకరికంటే ఎక్కువ మంది కలిసి రాస్తే వారందరూ సహరచయితలు.

పత్రం మీద పేరుకు రెండు అర్థాలు ఉన్నాయి. మొదటిది గుర్తింపు. ఈ పని నేను చేశాను అని లోకానికి చెప్పడం. ఉద్యోగం, పదోన్నతి, తరువాతి పరిశోధనకు డబ్బు చాలావరకు దాని మీదే ఆధారపడతాయి. రెండవది బాధ్యత. ఇందులో తప్పు ఉంటే నన్ను అడగండి అని పూచీ పడడం. ఇంటి పత్రాల మీద సాక్షి సంతకం చేసినవాడు రేపు తగవు వస్తే జవాబు చెప్పవలసి ఉంటుంది కదా! ఇదీ అలాంటిదే.

కాబట్టి పని చేయనివాని పేరు చేర్చడం ఒక తప్పు. పని చేసినవాని పేరు తీసివేయడం మరొక తప్పు. రెండూ లోకానికి అబద్ధం చెప్పడమే.

పాఠగత ప్రశ్నలు – 2
అ) నీలిరంగు చిక్కదనం దేనిని తెలుపుతుంది?
ఆ) పత్రం మీద పేరుకు ఉన్న రెండు అర్థాలు ఏవి?

4. వదులుకున్న పేరు

భాస్వరాన్ని కొలిచే పద్ధతి చేతికి వచ్చాక ఫిస్కే, సుబ్బారావు కండరాల మీద దృష్టి పెట్టారు. కండరం పని చేయడానికి శక్తి ఎక్కడి నుండి వస్తుంది? 1927లో వారు ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని గురించి ప్రకటించారు. అదే సంవత్సరం ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులు కూడా ఆ పదార్థం ఉనికిని వేరుగా గుర్తించారు. 1929లో ఫిస్కే, సుబ్బారావు ఎ.టి.పి. అనే పదార్థాన్ని వివరించారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సంవత్సరం దానిని ప్రకటించాడు. మీరు ఈ పుట తిప్పడానికి చేయి కదిపినా, గుండె కొట్టుకున్నా ఖర్చయ్యే శక్తి ఈ ఎ.టి.పి. నుండి వచ్చేదే.

ఇంత పెద్ద విషయాలు కనుగొన్నా, 1930లో డాక్టరేటు పొందినా, హార్వర్డ్‌లో సుబ్బారావుకు స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. ఫిస్కే పదోన్నతి విషయం వచ్చినప్పుడు సుబ్బారావు ఆ పరిశోధనలలో తన వాటాను తగ్గించి చెప్పుకున్నారని ఆయన జీవిత చరిత్రకారులు పేర్కొన్నారు. తనకు ఆశ్రయం ఇచ్చిన గురువు ఎదగాలన్నది ఆయన కోరిక. మన సంప్రదాయంలో పెరిగిన ఎవరికైనా ఆ మనసు అర్థమవుతుంది. గురువు ముందు శిష్యుడు తన గొప్ప తాను చెప్పుకోవడం మనకు ఇబ్బందిగానే ఉంటుంది.

కాని దాని ఫలితం ఏమైంది? అప్పట్లో అదే ప్రయోగశాలలో జార్జ్ హిచింగ్స్ అనే యువకుడు పనిచేసేవాడు. ఆయనకు తరువాత 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. సుబ్బారావు వేరు చేసిన న్యూక్లియోటైడ్లు అనే పదార్థాలలో కొన్నింటిని చాలా ఏళ్ల తరువాత ఇతరులు మళ్లీ కొత్తగా కనుక్కోవలసి వచ్చిందని హిచింగ్స్ తెలిపాడు. ఫిస్కే ఆ ఫలితాలను వెలుగులోకి రానివ్వలేదని, దానికి అసూయే కారణం కావచ్చని ఆయన అభిప్రాయం.

ఇది ఒక సహోద్యోగి చెప్పిన మాట. ఫిస్కే తన వైపు సంగతి చెప్పుకోవడానికి నేడు లేడు. ఫిస్కే ప్రయోగశాల, ఫిస్కే నేర్పిన కచ్చితత్వం లేకపోతే 1925 నాటి పత్రమే లేదు. కాబట్టి ఒక మనిషిని దోషిగా నిలబెట్టడం మన ఉద్దేశం కాదు. మనం గమనించవలసినది ఒక్కటే. అచ్చు కాని ఫలితం లోకానికి లేనట్టే. సుబ్బారావు నష్టపోయినది ఒక పదవి. కాని ఆ ఫలితాల కోసం ఎదురుచూసిన ఇతర శాస్త్రజ్ఞులు నష్టపోయినది ఎన్నో ఏళ్ల కాలం.

తన వాటాను తగ్గించి చెప్పుకోవడం వినయంగా కనబడుతుంది. అయితే పని ఎవరు చేశారన్నది ఒక వాస్తవం. వాస్తవాన్ని దానంగా ఇవ్వడానికి వీలులేదు. దానమిచ్చినవాడు ఒక్కడే నష్టపోతే పోనీ అనుకోవచ్చు. చదివేవారు కూడా తప్పు సమాచారం పొందుతారు. సుబ్బారావు మీద మనకు ఎంత గౌరవం ఉన్నా, ఈ ఒక్క విషయంలో ఆయన దారి మనకు ఆదర్శం కాదు.

పాఠగత ప్రశ్నలు – 3
అ) హిచింగ్స్ తెలిపిన విషయం ఏమిటి?
ఆ) సుబ్బారావు తన వాటాను తగ్గించి చెప్పుకోవడం వల్ల ఎవరెవరికి నష్టం కలిగింది?

5. పదహారు పేర్లు

1940లో సుబ్బారావు హార్వర్డ్ విడిచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల సంస్థలో చేరారు. అక్కడ పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు. ఒకప్పుడు మరొకరి నీడలో పనిచేసిన మనిషి ఇప్పుడు ఎంతోమంది శాస్త్రజ్ఞులకు పెద్ద.

వారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. 1945లో ఆ సంగతి ప్రకటించిన పత్రం మీద పదహారు మంది పేర్లు ఉన్నాయి. అవి రెండు వరుసలు. ఒక వరుస లెడర్లీలో పనిచేసేవారిది. రెండవది దాని అనుబంధ రసాయన విభాగానికి చెందినవారిది. ప్రతి వరుసలోను పేర్లను హోదాను బట్టి కాక ఇంగ్లీషు అక్షరక్రమంలో అమర్చారు. డైరెక్టర్ అయిన సుబ్బారావు పేరు ఏడవది. ఆ పట్టీ చూసి ఎవరు పెద్దో, ఎవరు చిన్నో చెప్పలేము. అందరూ కలిసి చేసిన పని అని మాత్రం తెలుస్తుంది. సోదరులను బలి తీసుకున్న స్ప్రూ వ్యాధికి చికిత్సలో ఆ ఫోలిక్ ఆమ్లం ఉపయోగపడింది.

బోదకాలు మందు హెట్రజాన్ మీద 1947లో వచ్చిన పత్రంలో ఆరుగురి పేర్లు ఉన్నాయి. సుబ్బారావు పేరు చివరిది. బృందాన్ని నడిపించిన పెద్ద పేరు చివర ఉంచడం చాలా శాస్త్రాలలో వాడుక.

ఫోలిక్ ఆమ్లానికి ఎదురుగా పనిచేసే అమైనాప్టెరిన్ అనే పదార్థాన్ని కూడా ఆ సంస్థలోనే తయారుచేశారు. దాని రసాయన పత్రం 1947లో సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ అనే ముగ్గురి పేర్లతో వచ్చింది. ఆ మందును బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు వాడారు. 1948లో ఆ ఫలితాలను ఫార్బర్, ఆయనతో పనిచేసిన వైద్యులు ప్రకటించారు. ఈ రెండు పత్రాల రచయితలలోను సుబ్బారావు లేరు. ఆరియోమైసిన్ అనే మందును కనుగొన్న బెంజమిన్ డగ్గర్‌ను వృద్ధాప్యంలో పరిశోధనకు పిలిచి పని అప్పగించినది సుబ్బారావే. కాని 1948లో దానిని ప్రకటించిన పత్రం మీద డగ్గర్ పేరు ఒక్కటే ఉంది.

డైరెక్టర్‌గా ఉన్నవాడు తన సంస్థ నుండి వెలువడే ప్రతి పత్రం మీద తన పేరు వేయించుకోవచ్చు. అడ్డు చెప్పేవారు ఉండరు. సుబ్బారావు ఆ పని చేయలేదు. అణువును తయారుచేసినవారి పేర్లు రసాయన పత్రం మీద, రోగికి మందు ఇచ్చినవారి పేర్లు వైద్య పత్రం మీద ఉన్నాయి. హార్వర్డ్‌లో ఆయన తన పేరును వదులుకున్నారు. లెడర్లీలో ఇతరుల పేర్లను కాపాడారు. ఈ రెండింటికి తేడా ఉంది. మొదటిదానిలో వాస్తవం మరుగుపడింది. రెండవదానిలో వాస్తవం నిలబడింది.

1948 ఆగస్టులో సుబ్బారావు గుండెపోటుతో మరణించారు. అప్పుడు ఆయన వయసు 53 సంవత్సరాలు. చివరివరకు ఆయన అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. 1995లో ఆయన శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది.

6. నేటి నియమాలు

సుబ్బారావు కాలంలో సహరచనకు రాతపూర్వకమైన నియమాలు లేవు. గురువు మాటే చట్టం. తరువాత పరిస్థితి మారింది. 1978లో కెనడాలోని వాంకూవర్ నగరంలో కొన్ని వైద్య పత్రికల సంపాదకులు సమావేశమయ్యారు. వారి బృందం తరువాతి కాలంలో రచయిత ఎవరు అనే ప్రశ్నకు నియమాలు రూపొందించింది. నేడు వాటిలో నాలుగు షరతులు ఉన్నాయి.

ఒకటి, ఆలోచనలో గాని, సమాచారం సేకరించి విశ్లేషించడంలో గాని చెప్పుకోదగిన పాలు ఉండాలి. రెండు, పత్రాన్ని రాయడంలో గాని, విషయాన్ని సరిదిద్దడంలో గాని పాల్గొనాలి. మూడు, అచ్చుకు వెళ్లే చివరి ప్రతిని చదివి ఒప్పుకోవాలి. నాలుగు, పత్రంలోని విషయాలకు జవాబుదారీ వహించాలి.

ఈ నాలుగూ ఉన్నవారే రచయితలు. ఒక్కటి తక్కువైనా రచయిత కారు. డబ్బు సమకూర్చినవారికి, పరికరం ఇచ్చినవారికి, విభాగానికి పెద్దగా ఉన్నవారికి పత్రం చివర కృతజ్ఞతలు చెప్పాలి. అయితే పని చేసినవానిని పక్కన పెట్టడానికి ఈ నియమాలను వాడుకోకూడదు. మొదటి షరతు నెరవేర్చినవారికి రాయడానికి, సరిదిద్దడానికి అవకాశం ఇవ్వాలని కూడా ఆ నియమాలే చెబుతున్నాయి. ఎవరు ఏ పని చేశారో పత్రంలోనే విడివిడిగా రాసే పద్ధతి కూడా ఇప్పుడు చాలా పత్రికలలో ఉంది.

పేర్ల వరుస గురించి అన్ని శాస్త్రాలకు ఒకే పద్ధతి లేదు. కొన్నిటిలో ఎక్కువ పని చేసినవారి పేరు మొదట, పెద్దవారి పేరు చివర ఉంటుంది. కొన్నిటిలో అక్షరక్రమం పాటిస్తారు. ఏ పద్ధతి అయినా పని మొదలుపెట్టే రోజే మాట్లాడుకొని, కాగితం మీద రాసుకోవడం మేలు. పని మధ్యలో వాటాలు మారితే మళ్లీ కూర్చొని మాట్లాడుకోవాలి.

7. మీ పనిలో

నేను పరిశోధన చేయడం లేదు, నాకు ఇది ఎందుకు అని మీరు అనుకోవచ్చు. జంషెడ్‌పూర్‌లోనే 1950లో జాతీయ లోహశోధన ప్రయోగశాల ప్రారంభమైంది. అలాంటి ప్రయోగశాలలో గాని, కర్మాగారంలో గాని ఒక నివేదిక తయారయ్యే తీరు ఊహించండి. నమూనా తెచ్చేవారు ఒకరు. దానిని ఆమ్లంలో కరిగించి రంగు కొలిచేవారు ఒకరు. అంకెలు రాసేవారు ఒకరు. సంతకం చేసేవారు ఇంకొకరు. అంకె తప్పయితే ఎవరిని అడగాలి? అంకె సరైనదైతే ఎవరిని మెచ్చుకోవాలి?

మహిళా సంఘం లెక్కల పుస్తకానికి, తరగతిలో నలుగురు కలిసి చేసే ప్రాజెక్టుకు, మీరు ఎవరికైనా రాసిపెట్టే అర్జీకి ఇదే ప్రశ్న వర్తిస్తుంది. మీరు చేసిన పనిని చేశానని చెప్పడం గర్వం కాదు. మీరు చేయని పని కింద సంతకం పెట్టమంటే కాదనడం అమర్యాద కాదు. మర్యాదగానే, పని మొదట్లోనే, ఎవరి పాలు ఎంతో అడిగి రాసుకోండి.

మీరు ఏమి నేర్చుకున్నారు?

– సుబ్బారావు పేదరికాన్ని, పరీక్షలలో అపజయాన్ని ఎదుర్కొని గొప్ప శాస్త్రవేత్త అయ్యారు.
– పత్రం మీద పేరు గుర్తింపును, బాధ్యతను రెండింటినీ తెలుపుతుంది.
– పని చేయనివారిని చేర్చడం, చేసినవారిని తీసివేయడం రెండూ తప్పే.
– తన వాటాను తగ్గించి చెప్పుకోవడం వినయంగా కనబడినా లోకానికి నష్టం చేయవచ్చు.

పదాలు – అర్థాలు

సహరచయిత – కలిసి రాసిన వ్యక్తి
నమూనా – పరీక్ష కోసం తీసిన కొద్ది భాగం
పూచీ – హామీ, బాధ్యత
జవాబుదారీ – అడిగినప్పుడు సమాధానం చెప్పవలసిన బాధ్యత

పాఠాంత ప్రశ్నలు

1. హార్వర్డ్‌లో సుబ్బారావు చేసిన పనికి, లెడర్లీలో చేసిన పనికి పేరు విషయంలో గల తేడాను పది వాక్యాలలో రాయండి.
2. రచయిత అనిపించుకోవడానికి కావలసిన నాలుగు షరతులను మీ మాటలలో రాయండి.
3. మీరు నలుగురితో కలిసి చేసిన ఒక పనిని తీసుకోండి. ఎవరు ఏమి చేశారో ఒక పట్టికగా రాయండి. దానిని ఆ నలుగురికీ చూపించి, వారు ఒప్పుకున్న తరువాతే పూర్తయినట్టు భావించండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు

1. అ) ఖద్దరు దుస్తులు ధరించడం ఆచార్యునికి నచ్చకపోవడం వల్ల. ఆ) మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ.
2. అ) ద్రావణంలో ఉన్న భాస్వరం మోతాదును. ఆ) గుర్తింపు, బాధ్యత.
3. అ) సుబ్బారావు వేరు చేసిన కొన్ని పదార్థాలను ఇతరులు మళ్లీ కనుక్కోవలసి వచ్చిందని. ఆ) సుబ్బారావుకు, ఇతర శాస్త్రజ్ఞులకు, పత్రాలు చదివేవారికి.